అడుగు తగిలే లోతు

నియెమి రేవు,
18 మే 1986

సైమా అక్కకు,

సరస్సు మీది మంచు పోయిన మంగళవారం కదిలింది. దక్షిణపు గాలి ఒక్క రాత్రి కొట్టేసరికి తెల్లారి రేవంతా నల్లటి నీళ్ళు. గురువారం పడవ దించాను. వలలు వేసే ఒయివా వచ్చి ఓ చెయ్యి వేశాడు. బావ లేకుండా పడవ దించడం ముప్పై రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

అడుగున గాలం ఈడ్వడం ఇద్దరి పని అని నీకు తెలుసు. ఒకడు చుక్కాని పట్టాలి, ఒకడు ఉక్కు తీగకు గాలంతో పాటు కట్టిన సీసపు గుండు చూసుకోవాలి. గుండు నేల తాకీ తాకకుండా పోవాలి. పైకి లేస్తే ట్రౌట్ చేప దాని మొహం చూడదు, మరీ దిగితే రాళ్ళలో ఇరుక్కుంటుంది. ఇన్నేళ్ళూ చుక్కాని నాది, గుండు బావది. ఇప్పుడు చుక్కానికి తాడు కట్టేసి వెనక్కి పరుగెత్తి తీగ చూసుకుంటాను, మళ్ళీ ముందుకి పరుగెత్తుతాను. ఒయివా తన పడవలోంచి చూసి, "ఏం రెయినో, నీ పడవలో పెళ్ళేమైనా జరుగుతోందా, అంత హడావిడి?" అన్నాడు.

రెండు రోజులు తిరిగినా ఒక్క ట్రౌట్ లేదు. పై గాలానికి ఓ సాల్మన్ పడింది. బావకు చెప్పకు. నిన్నగాక మొన్న బయటినుంచి తెచ్చి సరస్సులో వదిలిన చేపను కూడా చేపంటావా అంటాడు. ఒక్క సంగతి మాత్రం అడిగి రాయి. నీళ్ళు ఇంత చల్లగా ఉన్నప్పుడు గుండు ఎక్కడ దించేవాడు, ఎంత లోతుకి? ముప్పై రెండేళ్ళు వెనక ఏం చేస్తున్నాడో తిరిగి చూడని వెధవనని తిట్టనీ.

ఇంకా కోపంగానే ఉన్నాడా? పోయిన సెప్టెంబరులో రేవులో నేనన్న మాటలు మనసులో పెట్టుకున్నట్టున్నాడు. మీరు దేశం ఆ కొసన ఉన్న ఎడారికి వెళ్ళే రోజు కారెక్కుతూ నావైపు చూడనైనా లేదు. నేను అడగమన్నానని చెప్పకు. ఊరికే అడిగినట్టు అడుగు.

మీ ఇల్లు కొన్నవాళ్ళు తలుపులకు పసుపు రంగు వేశారు. అదీ చెప్పకు.

నీ తమ్ముడు
రెయినో


అరిజోనా,
3 జూన్ 1986

ఒరేయ్ రెయినో,

నీ ఉత్తరం కవరు వేడిగా చేతికొచ్చింది. ఇక్కడ పోస్టు డబ్బా పొయ్యిలా కాలుతుంది. పొద్దున పదయితే మనుషులు వీధిలో ఉండరు, కాఫీ కూడా చల్లార్చుకుని తాగుతున్నారు. సౌనా గదిలో ఆవిరిస్నానానికి కట్టెలు కొట్టే పని తప్పిందనుకో, ఊరంతా సౌనాయే కదా. గనిలో మింగిన దుమ్ముకి ఈ పొడిగాలి మంచిదని డాక్టరు అన్నాడు కాబట్టి ఉన్నాం. ఊపిరి కాస్త తేలికగానే ఉంది.

పక్కింటి కోన్సుయెలో అనే ఆవిడ మంచిది. నా యాలకుల రొట్టె తిని, ఇందులో మిరపకాయ లేదేం అంది.

నువ్వడిగింది బావకు చదివి వినిపించాను. ఏమన్నాడంటే, చలిరోజుల్లో ట్రౌట్ ఒడ్డుకే ఉంటుందట. ఏరు కలిసే చోటికి ఉత్తరంగా, అరవై అడుగుల లోపు. గుండు నేల తాకాక రెండు చుట్లు పైకి లాగాలట. పడవ ముసలమ్మ చర్చికి నడిచినంత నెమ్మదిగా పోవాలట. "వాడికి తొందరెక్కువ, ఇంజను గొంతు తగ్గించుకోమను" అన్నాడు.

కోపం సంగతి నేను కదిలించలేదు. ఆయన సంగతి నీకు తెలియనిదా.

ఒంటరిగా వెళ్ళకు. ఒయివాను తీసుకెళ్ళు.

అక్క


నియెమి రేవు,
29 జూన్

అక్కా,

ముసలమ్మ చర్చికి నడిచింది. పద్నాలుగు పౌన్ల ట్రౌట్. ఆ మర్నాడు ఇంకో రెండు. ఏరు కలిసే చోటికి ఉత్తరంగా, బావ చెప్పినట్టే. తీగ పట్టుకుంటే గుండు నేలను తట్టడం వేలికి తెలిసింది. బురద లేపుకుంటూ పోతోంది. ఆ బురద చూడటానికే వస్తుందిట కదా ట్రౌట్, ఏమిటా గొడవని తలుపు తీసుకుని వచ్చే మనిషిలా. ఒక్కసారి తీగ బరువెక్కింది. నేను గట్టిగా "బావా, పడింది" అనేశాను. పడవలో ఎవరున్నారు?

తలకాయతో పాలు పోసి మొయక్క చేపచారు వండాను. ఆలుగడ్డలు ఎక్కువయ్యాయి. మూడు రోజులు తిన్నాను.

ఒయివా నాతో రాడు. వాడి వలలు వాడివి. నాతో వచ్చేవాడెవడూ లేడు, నాకు అవసరమూ లేదు. ఒంటరిగా వెళ్ళకని ఇంక రాయకు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. బావ అడుగుల్లో చెప్పడం ఎప్పుడు నేర్చాడు? ఆయనకు బారలు తప్ప కొలత తెలియదు కదా. ఆ ఎడారికి పోయి బారలు మరిచాడా?

తన చేత్తో రెండు లైన్లు రాయమను. తిట్టినా సరే.

రెయినో


అరిజోనా,
15 జులై

తమ్ముడూ,

బారల సంగతి నా తప్పు. ఆయన బారల్లోనే చెప్పాడు, నేనే అడుగులు చేసి రాశాను. ఇంటికి కర్టెన్లు కుట్టీ కుట్టీ నాకు అడుగులూ అంగుళాలే వస్తున్నాయి.

నీ చేప గురించి చదివితే బావ చాలా సంతోషించాడు. పద్నాలుగు పౌన్లంటే ఎండు పౌన్లా తడి పౌన్లా అని అడగమన్నాడు. నువ్వు తూచినప్పుడు బొటనవేలు కూడా కాటా మీద ఉంటుందట.

ఈ కాగితం అడుగున ఆయన పేరు రాశాడు చూడు. చేతులు వణుకుతున్నాయి, అంతకంటే రాయలేకపోయాడు. ఇది రాయించడానికే నాకు ఓ పూట పట్టింది. ఇంకేం అడగకు.

వంటింట్లో చిన్న బల్లి ఒకటి చేరింది. మధ్యాహ్నాలు బావ దాన్నే చూస్తూ కూర్చుంటాడు.

అక్క

లౌరి


నియెమి రేవు,
2 ఆగస్టు

అక్కా,

పేరు అందింది. ఒక్క పేరు. బ్యాంకు కాగితం మీద సంతకంలా ఉంది. 'ఒరేయ్' అని లేదు, 'బాగున్నావా' అని లేదు. పూటంతా బతిమాలితేగాని అంత మాత్రం రాయలేదన్నమాట. చేతులు వణుకుతున్నాయని ఆయన తరఫున సర్దిచెప్పకు. ఆ చేతులతో చీకట్లో చేతి గడియారం విప్పి బిగించగలడు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు పూర్తిగా ఎవరూ చెప్పలేదనుకుంటాను. చెప్తాను విను. ఆకాశం శుభ్రంగా ఉంది. మంచూ లేదు, గాలీ లేదు. చేప దొరికింది, ఇంటికి తిరిగాం. నేను పెట్టె కడుగుతున్నాను, చుక్కాని బావ పట్టాడు. తలెత్తి చూస్తే పడవ తిన్నగా నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేలకొమ్ము దగ్గరి రాళ్ళ మీదికి పోతోంది. ఇన్నేళ్ళుగా తప్పించుకుంటూ వచ్చిన రాళ్ళే. అరిచాను, వినలేదు. పోయి చుక్కాని లాక్కున్నాను. ఓ బారెడు దూరంలో తప్పింది.

అక్కడితో ఊరుకోవలసింది. రేవుకొచ్చాక ఒయివా, ఐసు పెట్టెలవాళ్ళు, అందరి ముందూ, "నీకు మతి పోయిందా? ఇంక చచ్చినా నీతో పడవెక్కను" అన్నాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాడు. రెండు నెలలు తిరక్కుండా మీరు వెళ్ళిపోయారు. ఊపిరితిత్తులని నువ్వన్నావు. నా నోటి వల్లేనని నేననుకుంటున్నాను.

నేను తప్పు మాట్లాడానని ఆయనకు చెప్పు. ఈసారి నేను చెప్పమన్నానని చెప్పు.

నీళ్ళు వేడెక్కాయి, ట్రౌట్ లోతుకి దిగిపోయింది. పాత చోట్లన్నీ ఖాళీ. ఆగస్టులో ఎక్కడికి పోవాలో ఆయనకే తెలుసు, ఆయన చెయ్యి చూపినవైపు చుక్కాని తిప్పడమే నాకు తెలుసు. చెప్పదలుచుకుంటే చెప్పమను. లేకపోతే మానెయ్యమను.

రెయినో


అరిజోనా,
14 ఆగస్టు

నా తండ్రీ,

నీ నోటి వల్ల మేం ఎక్కడికీ పోలేదు. ఆ మాట మళ్ళీ రాయకు.

బావకు చెప్పాను. "వాడన్నదాంట్లో తప్పేముంది, పాత సంగతి వదిలెయ్యమను" అన్నాడు. ఇది నిజంగా అన్నట్టే అనుకో, నమ్ము. నీ మీద ఆయనకు కోపం లేదు.

ఆగస్టు చోటు కూడా చెప్పాడు. దీపస్తంభానికి తూర్పుగా, నేల మెట్టులా జారే చోట, ఇరవై బారల లోతు. ఆ మెట్టు వెంబడే గుండు ఈడ్వమన్నాడు. ఈసారి బారలే రాశాను చూశావా.

కోన్సుయెలో మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన పిండివంట తెచ్చింది. బావ ఆకుతో సహా నమలబోయాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

జాగ్రత్త. గాలి లేచేలా ఉంటే వెళ్ళకు.

అక్క


నియెమి రేవు,
10 సెప్టెంబరు

అక్కా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదువు.

పోయిన గురువారం దీపస్తంభానికి తూర్పుగా వెళ్ళాను. కొద్దిగా ఉత్తరపు అల ఉంది. ఇరవై బారలు దించాను. మెట్టు వెంబడి రెండుసార్లు బాగానే పోయింది, మూడోసారి గుండు ఆగిపోయింది. రాయి అయితే కదిపితే వదులుతుంది. ఇది వదల్లేదు. ఉక్కు తీగ తెగలేదు. పడవ తోక అక్కడే కట్టేసినట్టయి, అల వెనకనుంచి లోపలికి వచ్చింది. ఒకటి, రెండు, మూడోదానికి ఇంజను ఆగింది. మోకాళ్ళ దాకా నీళ్ళు. పటకారుతో తీగ కోశాను. తెగిన తీగ కొరడాలా వచ్చి కుడి చూపుడు వేలు కొస పట్టుకుపోయింది. ఆ తర్వాత ఒయివా నన్ను చూశాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పడవను లాక్కొస్తూ ఒయివా అన్న మాట యథాతథంగా రాస్తున్నాను. "ఆ చోట గాలం వెయ్యమని నీకెవడు చెప్పాడు?" అన్నాడు. బావ చెప్పాడన్నాను. వాడు ఇంజను తగ్గించి నావైపు తిరిగి, "లౌరీనా? అక్కడ అడుగున మునిగిన దుంగల తెప్ప ఉంది, చచ్చినా పోకురా అని ముప్పై ఏళ్ళ కిందట నాకు చెప్పిందే లౌరీ" అన్నాడు.

వారం రోజులుగా ఈ ఒక్క మాటే నా తలలో తిరుగుతోంది. నేనన్నది పెద్ద మాటే. అందరి ముందూ అన్నాను. కాని అక్కా, అందుకు ఇంతా? తెలిసి తెలిసి నన్ను అక్కడికి పంపాడా? నాకు నువ్వు జవాబు రాయకు. ఆయన్ని రాయమను.

రెయినో


అరిజోనా,
16 సెప్టెంబరు

రెయినో,

ఆ మాట లౌరీ చెప్పలేదు. నేను చెప్పాను.

వేసవంతా నీకు జవాబు చెప్పింది నేనే. బావకు మతి పోతోంది. నువ్వు రేవులో కోపంతో అన్న మాటే డాక్టరు నెమ్మదిగా అన్నాడు, అంతే తేడా. నీ మొదటి ఉత్తరం నేను పైకి చదివాను. అంతా విని, "రెయినో ఎవరు?" అని అడిగాడు. నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను. ఆ సంగతి నీకు రాద్దామని కాగితం తీశాను. రాయడం మొదలుపెడితే, ఆయన బాగున్న రోజుల్లో ఏం చెప్పేవాడో అదే వచ్చింది. ముసలమ్మ చర్చికి నడిచినంత అన్నది ఆయన మాటే. ముప్పై ఏళ్ళు నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని మీరిద్దరూ మాట్లాడుకున్నారు, నేను కాఫీ పోశాను. వినలేదనుకున్నారా? ఇంజను గొంతు, తడి పౌన్లు, అవన్నీ ఎప్పుడో ఆయన అన్నవే. నీకు చేప పడిందని ఉత్తరం వచ్చినప్పుడు నాకెంత సంబరమైందో. ఆయన్ని ఒక్క రోజు తిరిగి తెచ్చుకున్నట్టనిపించింది. నీకున్నది ఆయన ఒక్కడే కదా, ఆయన కూడా లేడని నీకెలా రాయను?

దీపస్తంభానికి తూర్పు, ఇరవై బారలు, అని ఆయన ఎన్నోసార్లు అనగా విన్నాను. చోటు గుర్తుంది. పొమ్మన్నాడో పోవద్దన్నాడో గుర్తు లేదు. పొమ్మన్నాడనుకున్నాను. నీ వేలు పోయింది నా వల్ల. నువ్వే పోయి ఉంటే అదీ నా వల్లే.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఊపిరితిత్తుల మాట నిజమే, కాని దానికోసం రెండువేల మైళ్ళు రానక్కర్లేదు. నువ్వు ఆయన్ని తిట్టిన మూడు వారాలకు, ఓ పొద్దున పక్క ఖాళీగా ఉంది. రేవుకి పరుగెత్తాను. లోపలి చొక్కాతో, ఆ చలిలో, పడవ తాడు విప్పుతున్నాడు. ఎక్కడికంటే, "షిఫ్టుకి టైమైంది" అన్నాడు. గని మూసి పదిహేడేళ్ళు. ఆ రోజే అనుకున్నాను, కనుచూపు మేర నీళ్ళు లేని చోటికి తీసుకుపోవాలని. కారెక్కేటప్పుడు ఆయన నీ వైపు చూడలేదన్నావు. చూశాడు. నువ్వెవరో తెలియలేదు.

ఆ సంతకం నేను చెయ్యి పట్టుకుని దిద్దించింది.

తిట్టు. ఎంతైనా తిట్టు. కాని రాయి.

సైమా


అరిజోనా,
1 నవంబరు

తమ్ముడూ,

ఆరు వారాలైంది. పోస్టువాడు వచ్చే వేళకు గుమ్మంలో నిలబడుతున్నాను. వేలు మానిందా? అదొక్కటి రాస్తే చాలు.

అక్క


నియెమి రేవు,
23 నవంబరు

అక్కా,

వేలు మానింది. కొస లేదు, అంతే. గుండీలు పెట్టుకోవడానికి కొంచెం కష్టం.

నీ ఉత్తరం వచ్చిన రోజు చదివి డ్రాయరులో పడేశాను. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక నీ మీద పెట్టుకున్నాను. పద్నాలుగు పౌన్ల ట్రౌట్ గురించి బావకు రాశానే, ఆ రోజు పడవలోంచి దిగుతూ కూడా ఆయనతో మాట్లాడుతూనే దిగాను. ఆ మాటలన్నీ గాలికి చెప్పినట్టయ్యాయని కోపం. తర్వాత ఆయన రాళ్ళ మీదికి పడవ తోలిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు ఆ మనిషికి మతి పోతోంటే, నేను దాన్నే తిట్టుగా తిట్టాను. దానికి కోపం ఎవరి మీద పెట్టుకోను?

మంచు పడింది. పడవ ఒడ్డుకి లాగి బోర్లించాను. సాయంకాలాలు చాలా పొడుగు. మొన్న కూర్చుని నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. ఒక సంగతి తట్టింది. జవాబులు రాసింది నువ్వే అయితే, ఈ వేసవంతా నా పడవలో వెనక కూర్చుని గుండు చూసింది నువ్వేనన్నమాట. రేవులో కట్టేసిన పడవెక్కడానికే భయపడే దానివి. పద్నాలుగు పౌన్లలో ఏడు నీవి.

తెప్ప సంగతి వదిలెయ్. దాని గురించి ఒయివాకు ఎప్పుడో బావే చెప్పాడు, నేను ఒయివాను అడిగి ఉంటే వాడే చెప్పేవాడు. నేనెవరినీ అడగను. అది నా జబ్బు.

జనవరి ఇరవై రెండున బస్సెక్కుతున్నాను. మూడు రోజులట. వద్దని రాయకు, టికెట్టు కొనేశాను. నన్ను పోల్చుకోడని తెలుసు. ఆయన్ని నేను పోల్చుకుంటాను కదా.

రెయినో


అరిజోనా,
9 ఫిబ్రవరి 1987

రెయినో,

క్షేమంగా చేరానన్న నీ కార్డు అందింది, ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను. నువ్వున్న నాలుగు రోజులూ నేను ఇంట్లో హాయిగా నిద్రపోయాను, మార్కెట్టుకి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. అది ఎంత పెద్ద సంగతో నీకు తెలియదు.

నిన్ను చూడగానే "కుళాయి బాగుచెయ్యడానికి వచ్చావా?" అని ఆయన అడిగితే, నువ్వు మారు మాట్లాడకుండా "అవునండీ" అని సంచి కింద పెట్టావే, అక్కడ నేను ఉండలేక పెరట్లోకి పోయాను. ఆ తర్వాత నాలుగు రోజులూ వెనక గదిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారు? ఆయన నవ్వడం విన్నాను. సంవత్సరం తర్వాత విన్నాను ఆ నవ్వు. నేను వస్తే మాట ఆపేవాడు. నిన్నడిగితే నువ్వు "పని సంగతులు" అన్నావు. ఇప్పుడైనా చెప్పు.

రోజూ పొద్దున్నే "కుళాయివాడు రాలేదేం?" అని అడుగుతున్నాడు. సాయంత్రానికి మరిచిపోతాడు, మర్నాడు మళ్ళీ అడుగుతాడు.

ఇంకో మాట. నాలుగు రోజులు విప్పి బిగించావు కదా ఆ కుళాయిని, నువ్వు రాకముందు బొట్టు బొట్టుగా కారేది, ఇప్పుడు ధార కడుతోంది. పడవ ఇంజను తప్ప నీకేదీ చేతకాదని బావ ఊరికే అనేవాడు కాదు.

అక్క


నియెమి రేవు,
22 ఫిబ్రవరి

అక్కా,

నీకు అక్కడ చెప్పలేకపోయాను. కాగితం మీద ప్రయత్నిస్తాను.

మొదటి రోజు ఆయన నా చెయ్యి చూసి, "వేలు ఏమైంది?" అన్నాడు. అడుగున తీగ ఇరుక్కుందన్నాను. "ఓహో, గాలం ఈడుస్తావా?" అని స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "నాకో బావమరిది ఉన్నాడు. వాడూ నేనూ కలిసే పోతాం. చుక్కాని వాడే పట్టాలి. వాడిలా పడవను అల మీద నిలబెట్టేవాడు ఈ ఒడ్డున లేడు" అన్నాడు. ముప్పై రెండేళ్ళలో నాతో ఒక్కసారి అనలేదు అక్కా ఆ మాట. ఆ మాట మీ బావమరిదితో ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను. "చెప్తే తలకెక్కుతుంది. అసలే పొగరుబోతు" అన్నాడు. నువ్వు విన్న నవ్వు అదే.

మూడో రోజు ఆయనంతట ఆయనే ఎత్తాడు. "ఓ రోజు పడవను రాళ్ళ మీదికి తోలాను. రాళ్ళు కనిపించాయి నాకు. కనిపించినవి రాళ్ళని తెలియలేదు. బావమరిది చుక్కాని లాక్కుని నా ప్రాణం, వాడి ప్రాణం కాపాడాడు. తిట్టాడు కూడా."

కుళాయిలోని రబ్బరు వాషరు నా చేతిలోంచి జారి సింకులో పడింది. తల వంచుకుని వెతుక్కుంటూనే, "ఆయన మీద మీకు కోపం లేదా?" అన్నాను.

"వాడి మీద నాకు కోపమెందుకు? మొహమ్మీద అన్నది వాడొక్కడే. మిగతావాళ్ళంతా నాకు తెలియకుండా గుసగుసలాడారు. వాడికి చెబుదామనుకున్నాను, నా తలలో ఏదో జారిపోతోందని. చెప్తే వాడు పడవెక్కడం మానేస్తాడు. వాడికి నేను తప్ప ఎవరున్నారు?"

ఇప్పుడు మీ బావమరిది ఎక్కడున్నాడని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. ఆయన కిటికీ వైపు, ఆ ఇసుక వైపు చూసి, "రేవులోనే ఉంటాడు. నేను లేకుండా వాడు కదలడు. కుళాయి పని అయ్యాక బయల్దేరాలి" అన్నాడు.

నేనే రెయినోనని చెప్పాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే నమ్మడు, లేకపోతే భయపడతాడు. అదీ గాక, రెయినోతో ఆయన ఇలా మాట్లాడడు. కుళాయివాడితో మాట్లాడతాడు. నాకు ఆ మాటలు కావలసి వచ్చాయి. అందుకని నాలుగు రోజులూ కుళాయివాడిగానే ఉన్నాను. నన్ను ఇంతగా ప్రేమించిన మనిషి పక్కన కూర్చుని, నేను లేకుండా, నా గురించి విన్నాను. మూడు రోజుల బస్సు తర్వాత ఇంటికొచ్చాను. పొయ్యి వెలిగించి, గదిలో వెచ్చదనం పుట్టేదాకా కోటుతోనే కూర్చున్నాను. ఒయివా రొట్టె తెచ్చి, "ఎలా ఉన్నాడు లౌరీ?" అన్నాడు. "నా గురించి అడిగాడు" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఇక కుళాయి సంగతి. ఆఖరి రోజు పొద్దున దాన్ని నిజంగానే బాగుచేశాను. ఒక్క బొట్టు కారలేదు. బావ వచ్చి తిప్పి చూసి, కట్టేసి, మళ్ళీ తిప్పి చూశాడు. చాలా తృప్తిపడ్డాడు. నాతో చేతులు కలిపి, "శుభ్రమైన పని. ఇంక నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

నువ్వు పెరట్లో బట్టలు తీస్తున్నప్పుడు మళ్ళీ విప్పాను. వాషరు తీసి జేబులో వేసుకున్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

కింద గిన్నె పెట్టుకో. వేరే ఎవరినీ పిలవకు. మంచు కరిగే లోపు, మార్చిలో ఇంకోసారి వస్తాను. కుళాయివాడు దారిలో ఉన్నాడని ఆయనకు చెప్పు.

రెయినో